ఫోను బ్యాటరీ: రోజు గడవడం వేరు, ఏళ్లు నిలవడం వేరు

మదనపల్లె టమోటా మార్కెట్ యార్డులో వేలం మొదలయ్యే వేళకు రైతు దగ్గర రెండు సిద్ధంగా ఉండాలి: ఏరి పెట్టిన కాయలు, ఛార్జింగ్ ఉన్న ఫోను. కోలారులో ఈ పొద్దు రేటెంత, బయటి వ్యాపారులు దిగారా లేదా, కాయలతో బయల్దేరిన బండి ఎందాకా వచ్చింది, అన్నీ ఫోనులోనే తేలాలి. 2023 జులై ఆఖరులో ఇదే యార్డులో మొదటి రకం టమోటా కిలో 200 రూపాయల దరిదాపులకు చేరింది. అలాంటి రోజుల్లో పూటకో ధర. ఆ పూట ఫోను ఆగిపోతే కలిగే నష్టాన్ని ఎవరూ లెక్క రాయరు, రైతుకు మాత్రం తెలుస్తుంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలన్నిటా ఇదే పరిస్థితి. పుంగనూరు చుట్టుపక్కల పాడి రైతుకు పాల డబ్బు ఖాతాలో పడిందన్న కబురు ఫోనుకే వస్తుంది. కుప్పంలో రైలెక్కి రోజూ బెంగళూరు పనికి వెళ్లొచ్చే మనిషికి తెల్లవారుజామున ఇల్లు వదిలింది మొదలు రాత్రి తిరిగొచ్చేదాకా టికెట్టూ పర్సూ కాలక్షేపమూ ఫోనే. కౌండిన్య అడవి అంచున ఏనుగుల భయంతో రాత్రి పొలం కాపలా ఉండే రైతుకు పక్క పొలం వాళ్లను పిలవడానికి ఉన్న దారి కూడా అదే.

ఛార్జింగ్ నిలవడం లేదని ఎవరైనా అంటే ముందు ఒక సంగతి అడిగి తెలుసుకోవాలి. పొద్దున నింపింది సాయంత్రానికి చాలడం లేదా? లేక, కొన్న కొత్తలో చాలినది ఇప్పుడు చాలడం లేదా? మొదటిది వాడకం లెక్క, రెండోది అరుగుదల లెక్క. మనకు చెవిన పడే సలహాల్లో చాలావరకు ఈ రెంటినీ కలగలిపేస్తాయి. రోజు గడవడానికి మేలు చేసేదే బ్యాటరీ ఆయుష్షుకు కీడు చేసే సందర్భాలున్నాయి కాబట్టి విడదీసి చూద్దాం.

డబ్బా మీది అంకె

పది పన్నెండు వేలకు దొరికే ఫోన్ల డబ్బాల మీద ఎక్కువగా 5000 ఎంఏహెచ్ అని కనిపిస్తుంది. లిథియం-అయాన్ సెల్లు సగటు వోల్టేజీ 3.85 చుట్టూ ఉంటుంది. 5000 ఎంఏహెచ్‌ను, అంటే 5 ఆంపియర్-అవర్లను, దానితో గుణిస్తే 19 వాట్-అవర్ల పైచిలుకు వస్తుంది. మన బోరు మీది 5 హెచ్‌పీ మోటారు ఈ కరెంటుతో 20 సెకన్లు కూడా తిరగదు. అంత కొద్దిపాటి శక్తితో ఫోను రోజంతా మాట్లాడిస్తుంది, దారి చూపిస్తుంది, డబ్బు కట్టిస్తుంది.

ఛార్జరులోనూ ఫోనులోనూ వేడిగా పోయేది కూడా కలిపి ఒకసారి నింపడానికి గోడ నుంచి 25 వాట్-అవర్లు లాగుతుందనుకుందాం. ఒక యూనిట్ కరెంటుతో 40 సార్లు నింపొచ్చు. ఏడాది పొడవునా రోజుకొకసారి పూర్తిగా నింపినా 9 యూనిట్ల చిల్లర. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా సంవత్సరానికి 55 రూపాయలు. కాబట్టి కరెంటు బిల్లు కోసం ఫోను ఛార్జింగులో పొదుపు చేయాల్సిన పనేమీ లేదు. అసలు ఖర్చు బ్యాటరీ అరిగిపోవడంలో ఉంది.

ఆ అరుగుదలను సైకిళ్లలో లెక్కిస్తారు. ప్లగ్గు పెట్టి తీసిన ప్రతిసారీ ఒక సైకిల్ అనుకోవడం పొరపాటు. ఈ రోజు 40 శాతం, రేపు 60 శాతం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. మామూలు ఫోను బ్యాటరీ 500 సైకిళ్ల తర్వాత తొలినాటి సామర్థ్యంలో 80 శాతం నిలుపుకుంటే బాగున్నట్టే అని తయారీదారులు చాలాకాలంగా లెక్క వేసుకుంటూ వచ్చారు. ఐఫోన్ 15 మొదలుకొని తమ ఫోన్లకు ఈ లెక్క 1000 సైకిళ్లని ఆపిల్ చెబుతోంది. ఐరోపా సమాఖ్యలోనైతే 2025 జూన్ 20 నుంచి అమ్మకానికొచ్చే ఫోన్లు 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం నిలుపుకోవాలని నిబంధనే పెట్టారు. మన దేశంలోనూ ఇలాంటి నిబంధన రావాలి. బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో తెలియకుండా పన్నెండు వేలు పోసి ఫోను కొనడం కొనేవాడికి న్యాయం కాదు.

రోజుకు 60 శాతం వాడే టీచరుకు 500 సైకిళ్లు పూర్తికావడానికి రెండేళ్ల మూడు నెలలు పడుతుంది. రోజుకు ఒకటిన్నర సార్లు నింపుకొనే డెలివరీ కుర్రాడికి 11 నెలలే. ఇద్దరిదీ ఒకే మోడల్ ఫోను కావచ్చు. "నాది రెండేళ్లయినా బాగుంది, నీది ఏడాదికే పోయిందేం" అని ఒకరినొకరు అడగడంలో అర్థం లేదు. నెలల బదులు సైకిళ్లు చూసుకోవాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. 12,000 రూపాయల ఫోనును రెండేళ్లకే మార్చేస్తే నెలకు 500 రూపాయలు పడినట్టు. మధ్యలో 1,500 పెట్టి బ్యాటరీ మార్చి నాలుగేళ్లు వాడితే మొత్తం 13,500, నెలకు 281 రూపాయలు. బ్యాటరీనే జాగ్రత్తగా చూసుకుని మార్చే అవసరం లేకుండా నాలుగేళ్లు నడిపితే నెలకు 250. ఇంట్లో మూడు ఫోన్లుంటే ఈ తేడా చిన్నదేమీ కాదు.

వేడి, వోల్టేజీ

లిథియం-అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. దానికి పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక పలక వదిలి రెండో వైపున్న గ్రాఫైట్ పొరల్లోకి వెళ్లి కూర్చుంటాయి. వాడేటప్పుడు వెనక్కి వస్తాయి. ఈ రాకపోకల్లో ప్రతిసారీ కొద్దిపాటి లిథియం గ్రాఫైట్ మీద పేరుకునే పొరలో చిక్కుకుని ఇక పనికిరాకుండా పోతుంది. వేడి ఎక్కువైతే ఈ చర్య జోరందుకుంటుంది. వోల్టేజీ ఎక్కువైతే, అంటే బ్యాటరీ నిండుగా ఉంటే, లోపలి ద్రవం విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. మన అలవాట్లలో బ్యాటరీని ఎక్కువగా అరగదీసేవి ఈ రెండే.

కెనడాలో బ్యాటరీ పరీక్షా యంత్రాలు తయారుచేసే క్యాడెక్స్ సంస్థ స్థాపకుడు ఇసిడోర్ బుక్‌మన్ 'బ్యాటరీ యూనివర్సిటీ' పేరుతో ఈ విషయాలను మామూలు జనానికి అర్థమయ్యేలా అంకెల్లో పెట్టారు. అందులో నాలుగు అంకెలు ప్రతి ఫోను వాడకందారుకూ తెలియాలి. వాడకుండా ఏడాదిపాటు పక్కన పెట్టిన సెల్లులో ఎంత సామర్థ్యం మిగులుతుందన్నది లెక్క. 25 డిగ్రీల గదిలో 40 శాతం ఛార్జితో ఉంచితే 96 శాతం మిగులుతుంది. అదే గదిలో నిండా నింపి ఉంచితే 80 శాతం. 40 డిగ్రీల వేడిలో 40 శాతం ఛార్జితో ఉంచితే 85 శాతం. ఆ వేడిలోనే నిండుగా ఉంచితే 65 శాతం.

ఒక్క వేడి వల్లనే పోయింది 11 పాయింట్లు, ఒక్క నిండుతనం వల్లనే పోయింది 16. రెండూ కలిస్తే 31. ఫోనును ఒక్కరోజు కూడా వాడకుండానే మూడో వంతు పోయిందన్నమాట. అందుకే వేడి చోట, 100 శాతం దగ్గర, గంటల తరబడి ఫోనును ఉంచకపోవడం అన్నిటికంటే పెద్ద జాగ్రత్త.

వోల్టేజీ లెక్క కూడా ఇలాగే ఉంటుంది. 4.2 వోల్టులదాకా నింపే సెల్లు 300 నుంచి 500 సైకిళ్లు వస్తే, దాన్నే 4.1 దగ్గర ఆపితే 600 నుంచి 1000 దాకా వస్తుందని బుక్‌మన్ పట్టిక చెబుతుంది. వదులుకునేది పది పదిహేను శాతం ఛార్జింగ్, వచ్చేది రెట్టింపు ఆయుష్షు. ఇప్పటి ఫోన్ల సెల్లులు 4.4 వోల్టులు దాటి కూడా నిండుతాయి కాబట్టి అంకెలు కొంత మారతాయి, దిశ మారదు. కొత్త ఐఫోన్లలోనూ శాంసంగ్, పిక్సెల్ వంటి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే ఏర్పాటు పెట్టడం వెనకున్న కారణం ఇదే. సెట్టింగుల్లో బ్యాటరీ విభాగంలో దొరుకుతుంది. ఇంట్లోనో ఆఫీసులోనో ప్లగ్గు అందుబాటులో ఉండేవాళ్లు దాన్ని ఆన్ చేసుకుని మర్చిపోవచ్చు. రేపు పొద్దున కాయలతో యార్డుకు వెళ్లేవాళ్లు, తిరుమల ప్రయాణం పెట్టుకున్నవాళ్లు మాత్రం ఆ రాత్రికి 100 నింపుకోవాల్సిందే. ఇక్కడే రోజు లెక్కా ఏళ్ల లెక్కా ఎదురుపడతాయి. అవసరమున్న రోజున నిండా నింపడంలో తప్పు లేదు. అవసరం లేని రోజుల్లో కూడా నింపితేనే బ్యాటరీకి చేటు.

వాతావరణం విషయంలో మన పడమటి మండలాల వాళ్లం అదృష్టవంతులం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీది ఊళ్లు. ఎండాకాలంలో తిరుపతి, విజయవాడ కాగినట్టు ఇక్కడ కాగదు. వందేళ్ల కిందట మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయరోగులకు శానిటోరియం కట్టింది ఈ గాలిని నమ్ముకునే. ఊపిరితిత్తులకు మేలు చేసిన ఆ వాతావరణమే ఇప్పుడు బ్యాటరీలకూ మేలు చేస్తోంది. చలికాలం రాత్రుల్లో ఛార్జింగ్ కాస్త త్వరగా దిగినట్టనిపించినా ఎండెక్కితే సర్దుకుంటుంది. మన చలికి బ్యాటరీ చెడిపోదు.

బయటి వేడి తక్కువైనా, మన చేతులారా తెచ్చిపెట్టే వేడి తక్కువేమీ కాదు. టమోటా బాక్సులతో చెన్నైకి దిగే పికప్ బండి సంగతే చూడండి. డ్యాష్‌బోర్డు మీద స్టాండులో ఫోను, అద్దం గుండా నేరుగా ఎండ, మ్యాపు కోసం వెలుతురు పూర్తిగా పెంచిన తెర, లోపల జీపీఎస్, డేటా, కింద నుంచి ఛార్జరు. ఫోను 100 శాతం దగ్గరే ఉండి గంటల తరబడి ఉడుకుతుంది. పైన చెప్పిన నాలుగో అంకె, 65 శాతం, ఇలాంటి చోటే నిజమవుతుంది. బండి ఆపాక పరిస్థితి ఇంకా దిగజారుతుంది. 2018లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు మండుటెండలో గంటసేపు నిలిపిన కార్లను కొలిస్తే డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు చేరింది. నీడన నిలిపిన వాటిలో 48. ఫోన్లను 35 డిగ్రీల లోపు వాడమని, దాన్ని మించితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గవచ్చని ఆపిల్ హెచ్చరిస్తుంది. నీడన పెట్టిన బండిలో కూడా ఫోను వదలకూడదని ఆ 48 చెబుతోంది.

డ్రైవరన్నలు చేయగలిగింది కొంత ఉంది. స్టాండును అద్దానికి అంటించకుండా ఏసీ గాలి వచ్చే జాలీకి తగిలించడం, ఏసీ లేని బండిలో ఎండ నేరుగా పడని పక్కకు జరపడం, 80 దాటగానే వైరు తీసేయడం, తెలిసిన దారిలో తెర ఆపి మాటతో దారి చెప్పించుకోవడం. దిగేటప్పుడు ఫోను జేబులో వేసుకుని దిగడం.

ఇంట్లో వేడి తెచ్చేవి దిండు కింద ఛార్జింగ్, ఛార్జింగులో ఉండగానే ఆట, మందపాటి రబ్బరు కవరు. వేగంగా నింపే ఛార్జర్ల మీద జనంలో ఉన్న భయం కాస్త అతిగా ఉంది. 33 వాట్లో 67 వాట్లో ఉన్న ఛార్జరు ఆ వేగాన్ని మొదటి భాగంలోనే చూపిస్తుంది. నిండే కొద్దీ ఫోను తనంతట తానే వేగం తగ్గిస్తుంది. ఫోనుతో వచ్చిన ఛార్జరు వాడుతూ, ఫోను చేతికి వెచ్చగా తగిలితే కవరు తీసి గట్టి బల్ల మీద పెడితే చాలు.

రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకోవడం గురించి కూడా చెప్పాలి. ఫోను పేలుతుందన్నది అసలు సమస్య కాదు. మంచి ఛార్జరు, మంచి బ్యాటరీ ఉంటే 100 దగ్గర ఛార్జింగ్ ఆగుతుంది. సమస్య ఏమిటంటే రాత్రి 12కు నిండిన ఫోను ఉదయం 6 దాకా నిండుగానే కూర్చుంటుంది. రోజుకు 6 గంటలంటే ఏడాదికి 2,190 గంటలు, అంటే 91 రోజులు. ఉదయం లేచే వేళకు నిండేలా తనే సర్దుకునే ఏర్పాటును ఐఫోన్లు 2019లోనే తెచ్చాయి, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది. అది లేని పాత ఫోనైతే సాయంత్రం వంటపని సాగే గంటలో ఛార్జింగ్ పెట్టి తీసేయండి.

కుప్పం వాళ్లకు ఇంకో దారి తెరుచుకుంటోంది. 2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కుప్పం నియోజకవర్గంలోని నడిమూరులో ఇళ్ల పైకప్పులపై సౌర విద్యుత్తు పథకాన్ని ప్రారంభించారు. ఎండతో పరికరాలు నడపడం కుప్పానికి కొత్త కాదు. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ ఇక్కడ ఐ-కమ్యూనిటీ పేరుతో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అందులో భాగంగా పల్లెల మహిళలు డిజిటల్ కెమెరాను, చిన్న ప్రింటరును సౌర ఫలకంతో నడుపుతూ ఊరూరా ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చి నాలుగు డబ్బులు సంపాదించారు. పైకప్పు మీద ఫలకలున్న ఇంట్లో మధ్యాహ్నం ఫోను ఛార్జింగ్ పెట్టడం అన్ని విధాలా మంచిది. పగలు కరెంటు ఇంటి మీదే పుడుతుంది. మనం మెలకువగా ఉంటాం కాబట్టి 80 దాటగానే తీసేయగలం. 40 నుంచి 80 దాకా నింపడానికి మామూలు ఛార్జరుతోనైనా గంట చాలు.

పొద్దు గడవాలంటే

ఒక రోజు ఛార్జింగును తినేవాటిలో పెద్దవి రెండు: తెర, సిగ్నల్. తక్కినవన్నీ వీటి తర్వాతే.

తెర ఎంత తింటుందో ఆపిల్ సొంత అంకెలే చెబుతాయి. ఐఫోన్ 15లో ఫోనులో దాచుకున్న వీడియో చూస్తే 20 గంటలు వస్తుంది. నెట్ నుంచి చూస్తే 16 గంటలు. పాటలు వింటే 80 గంటలు. నాలుగు రెట్ల తేడా. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీద కూర్చుని పట్టుచీర నేస్తూ పాట వినే నేతన్నకు ఈ అంకెలో కావాల్సినంత సంగతి ఉంది. చూడని వీడియో కోసం తెర వెలిగించి ఉంచే బదులు పాటలు దించుకుని తెర ఆపి వింటే ఫోను రోజులకు రోజులు వస్తుంది. బెంగళూరు రైలెక్కేవాళ్లు సినిమాను ముందురాత్రే ఇంట్లో వైఫైతో దించుకోవచ్చు. 16కూ 20కీ మధ్య ఉన్న నాలుగు గంటలు అలా మిగులుతాయి.

డార్క్ మోడ్ మీద చాలామందికి నమ్మకం ఎక్కువ. 2021లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని కొలిచారు. తెర వెలుతురు 30 నుంచి 50 శాతం ఉన్నప్పుడు డార్క్ మోడ్ వల్ల మిగిలింది సగటున 3 నుంచి 9 శాతమే. వెలుతురు పూర్తిగా పెంచినప్పుడు 39 నుంచి 47 శాతం. అదీ ఓఎల్ఈడీ తెరలున్న ఫోన్లలోనే. తక్కువ ధర ఫోన్లలో ఉండే ఎల్‌సీడీ తెరలకు వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నలుపైనా తెలుపైనా ఒకటే. ఇంట్లో కూర్చుని వాడేవాళ్లు దాని గురించి ఆలోచించనక్కర్లేదు. ఎండలో నిలబడి తెర వెలుతురు పూర్తిగా పెంచి చూసేవాళ్లకు, ఓఎల్ఈడీ ఫోనైతే, అది బాగా పనికొస్తుంది.

సిగ్నల్ సంగతి తెర కంటే ముఖ్యం. మన ప్రాంతానికైతే మరీను. 4జీ ఫోను టవరుకు మాట పంపడానికి గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల శక్తి వాడొచ్చు. టవరు దగ్గరుంటే అందులో అతి చిన్న భాగంతో పని జరిగిపోతుంది. దూరమైనా, మధ్యలో కొండ అడ్డమొచ్చినా ఫోను శక్తి పెంచుకుంటూ పోతుంది. ఆ 200 మిల్లీవాట్లు గాలిలోకి పంపాలంటే లోపలి యాంప్లిఫయరు బ్యాటరీ నుంచి దానికి కొన్ని రెట్లు లాగుతుంది. అందుకే ఊళ్లో సాయంత్రందాకా వచ్చే ఛార్జింగ్ కొండ పక్క పొలంలో మధ్యాహ్నానికే దిగిపోతుంది. బ్యాటరీ చెడిందనుకుని మార్చేవాళ్లున్నారు. చెడింది బ్యాటరీ కాదు, అక్కడ సిగ్నల్ లేదు.

సిగ్నల్ ఎంతుందో గీతలు చూసి నమ్మకండి. సెట్టింగుల్లో ఫోను వివరాలు, సిమ్ స్థితి దగ్గర డీబీఎం అనే అంకె ఉంటుంది. అది మైనస్‌లో ఉంటుంది. 4జీలో మైనస్ 85 దగ్గరుంటే బాగున్నట్టు, మైనస్ 115 దగ్గరుంటే ఫోను అల్లాడుతున్నట్టు. ప్రతి 10కీ సిగ్నల్ పదో వంతుకు పడిపోతుంది. అంటే 85కూ 115కూ మధ్య తేడా వెయ్యి రెట్లు. మీ పొలంలో, మీ ఇంట్లో ఏ మూల ఏ అంకె వస్తుందో ఒకసారి చూసుకుంటే ఫోనును ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. బీరువా మీదా, కిటికీ అరుగు మీదా పెట్టడంలోనే తేడా కనిపించొచ్చు.

కుప్పానికి ఇంకో చిక్కు ఉంది. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. గుడుపల్లె దాటి బంగారుపేట వైపు పరిగెత్తే రైల్లో ఫోను టవరు వెంట టవరు మారుతూ పోతుంది. ఇనుప పెట్టె లోపల సిగ్నల్ ఎలాగూ తక్కువే. నిద్రపోయే ఆ గంటన్నరా ఫ్లైట్ మోడ్‌లో పెడితే దిగేసరికి తేడా మీకే తెలుస్తుంది. 5జీ సరిగా అందని చోట ఫోను 5జీకీ 4జీకీ మధ్య ఊగిసలాడుతుంది. సెట్టింగుల్లో 4జీకి కట్టేయండి. రెండో సిమ్ వాడకపోతే దాన్ని ఆపేయండి. అది కూడా ప్రతి నిమిషం తన టవరును వెతుక్కుంటూనే ఉంటుంది.

జాతర్లలో వేరే బాధ. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలోనో, ఆదివారం బోయకొండ మీదో సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి. ఒకే టవరు మీద వేల మంది పడేసరికి పంపిన వీడియో పోదు. ఫోను మళ్లీ మళ్లీ పంపబోతుంది. ఎండలో వెలుతురు పెంచి వీడియోలు తీస్తూ వాటిని అక్కడికక్కడే పంపాలని చూడటం ఛార్జింగును అతి త్వరగా తినే పని. తీసుకోండి, పంపడం ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

రాత్రి పొలం కాపలా ఉండేవాళ్లు ఫ్లైట్ మోడ్ పెట్టుకోలేరు, కాల్ రావాలి. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: టార్చికి వేరే టార్చి పెట్టుకోండి, ముఖ్యమైన సిమ్ కీప్యాడ్ ఫోనులో వేసుకోండి. వెయ్యి ఎంఏహెచ్ బ్యాటరీతోనే అది రోజుల తరబడి నిలుస్తుంది. 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే ద్వారా కీప్యాడ్ ఫోనుతో, నెట్ లేకుండానే డబ్బు కూడా పంపవచ్చు.

యాప్‌లను ఒక్కొక్కటే పైకి తోసేసి మూయడం వల్ల ఛార్జింగ్ మిగలదు. 2016లోనే ఆండ్రాయిడ్ అధిపతి హిరోషి లాక్‌హైమర్, ఆపిల్‌లో క్రెయిగ్ ఫెడెరిఘి ఇద్దరూ ఈ మాట చెప్పారు. మూసిన యాప్‌ను మళ్లీ మొదటి నుంచి తెరవడానికే ఎక్కువ ఖర్చు. కొత్త ఫోను కొనగానే 8 గంటలు ఛార్జింగ్ పెట్టాలనేది నికెల్ బ్యాటరీల కాలం నాటి మాట. పూర్తిగా సున్నాకు దించి నింపాలనేదీ అంతే. లిథియం బ్యాటరీకి 20కీ 80కీ మధ్య తిరగడమే సుఖం.

పవర్ బ్యాంకు, మార్చిన బ్యాటరీ

పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని రాసుంటే 5000 ఎంఏహెచ్ ఫోను రెండుసార్లు నిండుతుందనుకుంటాం. నిండదు. ఆ 10,000 లోపలి సెల్లు 3.7 వోల్టుల లెక్క, అంటే 37 వాట్-అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచి వైరు గుండా పంపి మళ్లీ ఫోనులో దించేసరికి కొంత వేడిగా పోతుంది. చివరికి ఒకటిన్నర సార్లు నిండితే మంచి పవర్ బ్యాంకే. చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఇంకో అంకె, 6,000 చుట్టుపక్కల, రాసి ఉంటుంది. కొనేటప్పుడు చూడాల్సింది దాన్ని.

అలాంటి 10,000 ఎంఏహెచ్ సెల్లు మన పక్కనే తయారవుతోందని చాలామందికి తెలియదు. తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టరులో మునోత్ ఇండస్ట్రీస్ 165 కోట్ల రూపాయలతో పెట్టిన లిథియం సెల్లుల కర్మాగారం 2022 సెప్టెంబరులో తొలి ఉత్పత్తి చూపింది. దేశంలో ఈ తరహాలో మొదటిది. రోజుకు 10 ఆంపియర్-అవర్ల సెల్లులు 20,000 తయారుచేయగల సామర్థ్యం. గుణించి చూస్తే ఏడాదికి 270 మెగావాట్-అవర్లు, వాళ్లు ప్రకటించిన అంకె కూడా అదే. ఇవి పవర్ బ్యాంకులకు వాడేవి. 2015 నుంచి శ్రీసిటీలో షావోమీ ఫోన్లు బిగించారు, లోపలి సెల్లు మాత్రం విదేశాల నుంచే వచ్చేది. ఫోను సెల్లు కూడా ఇక్కడే తయారైతే బ్యాటరీ మార్పిడి చవకవుతుందని ఆశపడటం అత్యాశ కాదు.

మార్పిడి దగ్గరే జనం ఎక్కువగా మోసపోతున్నారు. కొత్త బ్యాటరీ వేయించి మూడు నెలలకే మళ్లీ మొదటికొచ్చిందని వాపోయేవాళ్లను మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లలోనూ చూడొచ్చు. పాత బ్యాటరీ సైజులోనే ఉండి దానికంటే వెయ్యి ఎంఏహెచ్ ఎక్కువని రాసున్న బ్యాటరీని అనుమానించండి. మన దేశంలో అమ్మే ఫోను బ్యాటరీకీ పవర్ బ్యాంకుకూ బీఐఎస్ నమోదు తప్పనిసరి. బ్యాటరీ మీద ఐఎస్ 16046 అనే ప్రమాణం, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే అది ఏ కంపెనీదో కనిపిస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు. బిల్లు అడిగి తీసుకోండి.

బ్యాటరీ మార్చక ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. 15 శాతం చూపిస్తూనే ఫోను ఆగిపోతోందంటే ఒక్కోసారి లోపం బ్యాటరీది కాదు, శాతం లెక్కగట్టే వ్యవస్థ దారి తప్పి ఉంటుంది. ఒకసారి ఆగిపోయేదాకా వాడి, ఆపకుండా 100 దాకా నింపి చూడండి. సర్దుకుంటే సరి. సర్దుకోకపోతే మార్చాల్సిందే.

వెనక మూత పైకి లేచినా, తెర అంచుల్లో సందు కనిపించినా బ్యాటరీ ఉబ్బినట్టు. అప్పుడు ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, సూదితో పొడిచి గాలి తీయాలని చూడకండి. ఫోను ఆపేసి పిల్లలకు అందని చోట, కాలే వస్తువులు దగ్గర లేకుండా పెట్టి, అదే రోజు సర్వీసు సెంటరుకు ఇవ్వండి. తీసిన పాత బ్యాటరీని చెత్త బండిలో వేయకండి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. కంపెనీ సర్వీసు సెంటరులో ఇచ్చి రండి. చెత్తకుప్పలో నలిగిన లిథియం బ్యాటరీ అంటుకుంటే ముందు కాలేది దాన్ని ఏరే పారిశుద్ధ్య కార్మికురాలి చేతులే.